విజిల్ వేశాక తప్పని తెలిస్తే

బడి పిల్లల బాస్కెట్‌బాల్‌లో రిఫరీకి రీప్లే ఉండదు, మూడో అంపైర్ ఉండడు. తప్పు జరిగిన తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో అతనేం చేస్తాడన్నదే ఆటను నిలబెడుతుంది, లేదా చెడగొడుతుంది

పుదుచ్చేరి బీచ్ రోడ్డు చివరి నుంచి ఉత్తరంగా నడిచి కురుచికుప్పం దాటితే వైతికుప్పం వస్తుంది. మాసి మగం రోజున చుట్టుపక్కల గుళ్ల దేవుళ్లు సముద్ర స్నానానికి ఊరేగింపుగా తరలివచ్చే తీరం ఇది. మిగతా రోజుల్లో వలలు, పడవలు, చేపల బుట్టలు, సాయంత్రమైతే ఇసుకను ఎగరేసుకొచ్చే గాలి. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు ఆ గాలంటే భయం. సిమెంటు కోర్టు మీద సన్నటి ఇసుక పేరుకుంటే బూటు జారుతుంది. 2013 జనవరిలో, పొంగల్ సెలవులు ముగిసిన వారం, ఆ పేటకు నడిచి వెళ్లేంత దూరంలోని ఒక పాఠశాల మైదానంలో నేను మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డాను.

కాలాపేటలోని పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదువుతున్న రోజులవి. అద్దె తక్కువని వైతికుప్పంలో గది తీసుకున్నాను. యానాంలో బడి జట్టుకు ఆడిన అనుభవం, నిబంధనల పుస్తకం రెండుసార్లు చదివానన్న ధైర్యం కలిసి నన్ను శనివారాల రిఫరీని చేశాయి. మ్యాచ్‌కు నూటయాభై రూపాయలు, ఒక టీ, రెండు వడలు. ఆ రోజు జరుగుతున్నది అండర్-17 బాలికల ఫైనల్. కోర్టు చుట్టూ మూడు వందల మంది ఉంటారు. పసుపు చొక్కాల జట్టులో సగం మంది వైతికుప్పం, చుట్టుపక్కల కుప్పాల పిల్లలే కావడంతో తల్లులు, పిన్నులు కూడా వచ్చి గోడ పక్కన కూర్చున్నారు.

నాలుగో క్వార్టర్. ఇంకా నిమిషం నలభై సెకన్లు ఉన్నాయి. పసుపు జట్టు 41, నీలం జట్టు 40. బంతితో దూసుకొస్తున్న నీలం జట్టు అమ్మాయి మోచేతిని పసుపు జట్టు డిఫెండర్ పట్టుకుంది. విజిల్ వేశాను. ఆ అమ్మాయి షాట్ కొట్టే ప్రయత్నంలో లేదు కాబట్టి సైడ్‌లైన్ నుంచి బంతి అందుకోమని చేత్తో చూపించాను. నీలం జట్టు బంతి లోపలికి విసిరింది, షాట్ కొట్టింది, తప్పింది. రీబౌండ్ పట్టిన పసుపు జట్టు అవతలి బుట్టదాకా పరిగెత్తి రెండు పాయింట్లు తెచ్చుకుంది. 43-40. నీలం జట్టు అమ్మాయి ఎండ్‌లైన్ వెనక బంతి పట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడు స్కోరు బల్ల దగ్గర కూర్చున్న తొమ్మిదో తరగతి కుర్రాడు లేచి రెండు చేతులూ ఊపాడు. 'అన్నా, ఇందాకటిది అయిదో ఫౌల్' అన్నాడు.

బాస్కెట్‌బాల్ తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఒక క్వార్టర్‌లో ఒక జట్టు నాలుగు ఫౌళ్లు చేసిందంటే దాని కోటా అయిపోయినట్టే. ఆ తర్వాత చేసే ప్రతి ఫౌల్‌కూ, అవతలి ఆటగాడు షాట్ కొడుతున్నా కొట్టకపోయినా, రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాలి. కోటా అయిపోయిందని అందరికీ తెలిసేలా ఆ జట్టు వైపు బల్ల చివర ఎర్ర గుర్తు పెట్టాలి. ఆ రోజు ఎవరూ పెట్టలేదు. కుర్రాడు కాగితం మీద ఫౌళ్లు సరిగ్గానే రాసుకున్నాడు, గుర్తు పెట్టాల్సిన పిల్లాడు ఆట చూస్తూ మైమరచిపోయాడు. అయినా తప్పు వాళ్లది కాదు. చివరి రెండు నిమిషాల్లో విజిల్ వేసిన రిఫరీ బల్ల వైపు తిరిగి ఎన్నో ఫౌల్ అని అడగాలి. నేను అడగలేదు. 40 పాయింట్ల దగ్గరున్న జట్టు ఫ్రీ త్రోలు రెండూ వేసి ఉంటే 42తో ముందుండేది. ఇప్పుడది మూడు పాయింట్లు వెనకబడింది.

ఇలాంటి తప్పు కోసం అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, అంటే ఫీబా, నిబంధనల్లో ఒక ప్రత్యేక అధికరణమే ఉంది. 44వ అధికరణం. నియమం మరిచిపోవడం వల్ల జరిగిన నాలుగు రకాల తప్పులను మాత్రమే వెనక్కి వెళ్లి దిద్దవచ్చని అది చెబుతుంది. ఇవ్వాల్సిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం, ఇవ్వకూడనిది ఇవ్వడం, ఒకరు వేయాల్సింది మరొకరు వేయడం, పాయింట్లను పొరపాటున ఇవ్వడమో రద్దు చేయడమో. అదీ గడువులోపలే. తప్పు జరిగాక గడియారం మళ్లీ కదిలి, ఆ తర్వాత ఆట మొదటిసారి ఆగి, బంతి తిరిగి ఆటలోకి వచ్చేలోపు కనిపెట్టాలి. ఆ క్షణం దాటితే తప్పు చరిత్రలో కలిసిపోతుంది. మధ్యలో పడ్డ పాయింట్లు, చేసిన ఫౌళ్లు, గడిచిన సమయం ఎలాగూ చెల్లుతాయి. స్కోరు కూడిక, ఫౌళ్ల లెక్క, గడియారం తేడాల వంటి బల్ల దగ్గరి పొరపాట్లకు మాత్రం గడువు ఎక్కువ. స్కోర్‌షీట్ మీద రిఫరీ చివరి సంతకం పెట్టేదాకా వాటిని సవరించవచ్చు.

ఎండ్‌లైన్ వెనక నిలబడ్డ అమ్మాయి చేతిలోకి బంతి వచ్చేసింది. అంటే బంతి ఆటలోకి వచ్చినట్టే. కుర్రాడు రెండు సెకన్ల ముందు లేచి ఉంటే నేను ఆట ఆపి ఫ్రీ త్రోలు ఇప్పించేవాడిని. లేవలేదు కాబట్టి ఇక చేయగలిగింది లేదు. నీలం జట్టు పీఈటీ మాస్టారు అప్పటికే లైను మీదకు వచ్చేశారు. 'తంబీ, ఏంటిది?' అని అరిచారు. ఆట సాగనివ్వమని సైగ చేశాను. ఇంతవరకు నా ఖాతాలో ఒక తప్పు, ఒక ఒప్పు.

రెండో తప్పు అర నిమిషం తర్వాత జరిగింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నీలం జట్టు డ్రిబ్లర్ కుడివైపు నుంచి లోపలికి వస్తోంది. పసుపు జట్టు డిఫెండర్ ఆమెకు ఎదురుగా, చేతులు పైకెత్తి, వెనక్కి అడుగులేస్తోంది. డ్రిబ్లర్ ఇసుక మీద తడబడింది. నా విజిల్ మోగింది. డిఫెండర్‌ది ఫౌల్ అని చూపించాను. ఇది ఆ అమ్మాయికి అయిదో వ్యక్తిగత ఫౌల్, అంటే ఆట నుంచి బయటికి. పసుపు జట్టులో బంతిని బాగా నడిపించగలిగేది ఆమె ఒక్కతే. నీలం జట్టు రెండు ఫ్రీ త్రోలూ వేసింది. 43-42. పసుపు జట్టు తర్వాతి బంతిని సగం కోర్టు దాటించలేక పోగొట్టుకుంది. పన్నెండు సెకన్లు ఉందనగా నీలం జట్టు బుట్టలో వేసింది. 44-43. ఆట ముగిసింది.

చేతులు కలపడానికి వచ్చినప్పుడు ఆ డిఫెండర్ నా ముందు ఆగింది. పదో తరగతి పిల్ల. ఏడవడం లేదు. 'సార్, నేను ముట్టుకున్నానా?' అని అడిగింది. 'నిర్ణయం అయిపోయిందమ్మా, వెళ్లు' అన్నాను. వాళ్ల పీఈటీ మాస్టారు వెనక నుంచి వచ్చి, రిఫరీతో అలా మాట్లాడకూడదని ఆమెనే మందలించి తీసుకెళ్లారు.

ఇలాంటి విజిల్‌ను అమెరికాలో మేకప్ కాల్ అంటారు. మన మైదానాల్లో దానికి పేరు లేదు గానీ పని మాత్రం అందరికీ తెలుసు. ఒక జట్టుకు అన్యాయం చేశానని రిఫరీకి అనిపిస్తుంది. ఆ బరువు దించుకోవడానికి సందేహం వచ్చిన తర్వాతి చోట అటు మొగ్గుతాడు. తాను న్యాయం చేస్తున్నానని కూడా అనుకుంటాడు. నిజానికి ఒక పిల్ల దగ్గర తీసుకున్న అప్పును, దానితో సంబంధం లేని మరో పిల్ల జేబులోంచి తీర్చాడు, అంతే. మొదటి తప్పులో దురుద్దేశం లేదు. రెండోదాంట్లో ఉద్దేశం ఉంది. అందుకే అది మొదటిదానికంటే పెద్దది.

ఇది ఒక్కరిద్దరి బలహీనత కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్నింగ్ ప్లెస్నర్, టిల్మన్ బెచ్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఫుట్‌బాల్ రిఫరీలకు ఆటలోని ఘట్టాలు చూపించి నిర్ణయాలు అడిగారు. ఒక జట్టుకు ఒకసారి పెనాల్టీ ఇచ్చినవాళ్లు అదే జట్టుకు రెండోది ఇవ్వడానికి వెనకాడారు, అవతలి జట్టుకు ఇవ్వడానికి మొగ్గారు. బాస్కెట్‌బాల్‌లో కైల్ ఆండర్సన్, డేవిడ్ పియర్స్ అమెరికా కాలేజీ మ్యాచ్‌లు 365 తీసుకుని ఫౌళ్లను లెక్కగట్టారు. 2009లో వెలువడిన వాళ్ల లెక్క ప్రకారం, రెండు జట్ల ఫౌళ్ల మధ్య తేడా పెరిగేకొద్దీ తర్వాతి ఫౌల్ తక్కువ ఫౌళ్లున్న జట్టు మీద పడే అవకాశం పెరుగుతుంది. అంటే మైదానంలో ఏం జరిగిందన్నదానితో పాటు బల్ల మీద లెక్క ఎలా ఉందన్నది కూడా విజిల్‌ను నడిపిస్తోందన్నమాట. అది తెలిసిన జట్టు దూకుడుగా ఆడినా నష్టపోదు. రిఫరీ ఎలాగూ లెక్క సమం చేస్తాడు.

పాత్రికేయులకు ఈ జబ్బు కొత్తేమీ కాదు. ఈ వారం ఒక పార్టీని ఉతికేస్తే వచ్చే వారం ఇంకో పార్టీ మీద ఏదో ఒకటి రాసి సమతూకం పాటించామనుకోవడం మా వృత్తిలోనూ ఉంది. పైగా మొదటి పేజీలో చేసిన తప్పుకు లోపలి పేజీలో అగ్గిపెట్టె సైజు సవరణ వేస్తాం. రిఫరీకి ఆ అగ్గిపెట్టె కూడా లేదు.

అసలు రిఫరీకి అంత అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? 1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు నియమాలు పదమూడే. వాటిలోనే ఆయన పెత్తనాన్ని ఇద్దరికి పంచారు. అంపైర్ మనుషులను చూడాలి, ఫౌళ్లు గమనించాలి. రిఫరీ బంతిని, సమయాన్ని చూసుకోవాలి. ఒకే మనిషి అన్నీ చూడలేడన్న సంగతి ఆట పుట్టిన రోజే తెలుసన్నమాట. నేటి నియమాల్లోనూ ఆ జాగ్రత్త కనిపిస్తుంది. ఒక అధికారి తన పరిధిలో తీసుకున్న నిర్ణయాన్ని మరో అధికారి కొట్టేయడానికి వీల్లేదు. కానీ విజిల్ వేసినవాడు తన సహచరుడిని సంప్రదించి తానే మార్చుకోవచ్చు.

మిగిలేది తుది మాట అన్న సమస్య. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ 1953 నాటి ఒక తీర్పులో తమ కోర్టు గురించే ఒక చురక వేసుకున్నారు. తాము తప్పు చేయనివాళ్లం కాబట్టి తమ మాట చివరిది కావడం లేదని, తమ తర్వాత ఇంకెవరూ లేరు కాబట్టే తప్పు చేయనివాళ్లుగా చెలామణీ అవుతున్నామని దాని సారాంశం. ఎమ్మే తరగతిలో అది చదివి నవ్వుకున్నాం. విజిల్ చేతిలో ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

తుది మాట ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో బాస్కెట్‌బాల్ ప్రపంచం 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో చూసింది. మూడు సెకన్లు ఉందనగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50-49తో ముందు నిలిపాడు. సోవియట్ జట్టు టైమ్‌అవుట్ అడిగిందని, ఇవ్వలేదని గొడవ. ఆట మొదలై ఒక సెకను ఉండగా ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి గడియారం సరిగ్గా సర్దకముందే. హారన్ మోగింది. అమెరికన్లు గెలిచామని గంతులేశారు. అప్పుడు ఫీబా ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ కిందికి దిగివచ్చి మూడు సెకన్లు తిరిగి పెట్టమన్నారు. ఆట నడిపే అధికారం ఆయనకు లేదు. అయినా ఆయన మాటే చెల్లింది. మూడోసారి పొడవాటి పాస్ అందుకున్న అలెగ్జాండర్ బెలోవ్ బంతిని బుట్టలో వేశాడు. సోవియట్ యూనియన్ 51, అమెరికా 50. బ్రెజిల్ రిఫరీ రెనాటో రిగెట్టో స్కోర్‌షీట్ మీద సంతకం చేయడానికి నిరాకరించారు. అయిదుగురు సభ్యుల అప్పీలు సంఘం 3-2 తేడాతో అమెరికా ఫిర్యాదును కొట్టేసింది. ఆ జట్టులోని 12 మందిలో ఒక్కరూ వెండి పతకం తీసుకోలేదు. బల్ల దగ్గర మొదలైన ఒక గందరగోళాన్ని సవరించబోయి, ఆ సవరణను సవరించబోయి, చివరికి ఎవరూ ఒప్పుకోని ఫలితం మిగిలింది. మూడు సెకన్లు వెనక్కి పెట్టడం న్యాయమేనని వాదించేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. కానీ న్యాయం చేసే చెయ్యి ఎవరిదన్నది కూడా న్యాయంలో భాగమే.

మనకు బాగా గుర్తున్నది 2008 జనవరి నాటి సిడ్నీ టెస్టు. 30 పరుగుల దగ్గర వికెట్ కీపర్‌కు క్యాచ్ ఇచ్చిన ఆండ్రూ సైమండ్స్‌ను స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నారు. అతను 162 నాటౌట్‌గా మిగిలాడు. చివరి రోజు రాహుల్ ద్రవిడ్‌ను బ్యాటుకు తగలని బంతికి అవుట్ ఇచ్చారు. భారత్ 122 పరుగుల తేడాతో ఓడింది. భారత బోర్డు పట్టుబట్టడంతో పెర్త్ టెస్టుకు బక్నర్ స్థానంలో బిల్లీ బౌడెన్ వచ్చారు. ఆ మ్యాచ్‌లో రెండు తప్పులు చేశానని బక్నర్ బహిరంగంగా ఒప్పుకున్నది 2020లో. పన్నెండేళ్లు పట్టింది.

తప్పు దిద్దే పని ఒక్కోసారి ఆటగాడి మీద పడుతుంది. 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండ్ కీపర్ బాబ్ టేలర్‌ను అంపైర్ హనుమంతరావు క్యాచ్ అవుట్ ఇస్తే, బంతి బ్యాటుకు తగల్లేదని స్లిప్‌లో నిలబడి చూసిన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అప్పీలు వెనక్కి తీసుకుని అతన్ని తిరిగి పిలిచారు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. భారత్ పది వికెట్ల తేడాతో ఓడింది. విశ్వనాథ్ పెద్దమనసును మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. అయితే పదిహేనేళ్ల పిల్లల నుంచి అది ఆశించడం తగదు. ఫైనల్లో 'సార్, బంతి నా చేతికి తగిలే బయటికి పోయింది' అని చెప్పే పిల్ల ఉంటే మంచిదే. చెప్పకపోతే ఆ పిల్లది తప్పు కాదు, అది రిఫరీ పని.

అంపైర్ తానే ముందుకు వచ్చిన సందర్భం అమెరికా బేస్‌బాల్‌లో ఉంది. 2010 జూన్ 2న డెట్రాయిట్ టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగా వరసగా 26 మందిని అవుట్ చేశాడు. ఇంకొక్కరిని అవుట్ చేస్తే పెర్ఫెక్ట్ గేమ్, ఆ ఆటలో అతి అరుదైన ఘనత. 27వ మనిషి కూడా అవుటయ్యాడు, కానీ అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నారు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసుకున్న జాయిస్, ఆ కుర్రాడి ఘనతను తానే పోగొట్టానని విలేకరుల ముందు చెప్పి, గలరాగాను కలిసి కన్నీళ్లతో క్షమాపణ అడిగారు. మర్నాటి మ్యాచ్‌కు ముందు జట్టు జాబితాను అంపైర్‌కు అందించడానికి గలరాగానే వచ్చాడు. ఇద్దరూ చేతులు కలిపారు. లీగ్ మాత్రం నిర్ణయాన్ని మార్చలేదు. ఆ రాత్రి జాయిస్ చేయని పని ఒకటుంది. తర్వాతి బంతుల్లో గలరాగాకు అనుకూలంగా ఏదో ఒకటి ఇచ్చి లెక్క సరిచేయలేదు.

పెద్ద లీగుల్లో పరిస్థితి మారింది. 2015 మార్చి నుంచి ఎన్‌బీఏ హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు ఏది సరిగా చూశారో, ఏది తప్పారో నివేదికలు ప్రచురిస్తోంది. ఫలితం మారదు. రిఫరీల సంఘానికి ఆ నివేదికలంటే గిట్టదు. 2019-20 సీజన్ నుంచి కోచ్‌లకు నిర్ణయాన్ని సవాలు చేసే అవకాశం కూడా వచ్చింది. మరోవైపు అసలు నమ్మకాన్నే అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఎన్‌బీఏ రిఫరీ టిమ్ డొనాగీ పందెంరాయుళ్లకు సమాచారం ఇచ్చానని 2007లో కోర్టులో ఒప్పుకుని మరుసటి ఏడాది 15 నెలల శిక్ష పొందాడు. దొంగతనానికీ పొరపాటుకూ మధ్య గీత స్పష్టమే. మేకప్ కాల్ ఆ గీతకు ఏ వైపు ఉందన్నది మాత్రం చెప్పడం కష్టం.

వైతికుప్పం సిమెంటు కోర్టుకు కెమెరాలు రావు. అక్కడ ఉండేది ఇద్దరు రిఫరీలు, పదిమంది పిల్లలు, బల్ల దగ్గర మరో నలుగురు పిల్లలు. చాలాచోట్ల రిఫరీ అంటే ఆతిథ్యమిచ్చే బడి పీఈటీ మాస్టారే. సొంత పిల్లల ఆటకు సొంత మాస్టారు విజిల్ వేస్తుంటే నిజాయతీగా వేసినా అవతలి బడి నమ్మదు. క్రికెట్ ఇదే చిక్కుతో దశాబ్దాలు గడిపింది. 1986 నవంబర్‌లో ఇమ్రాన్ ఖాన్ కోరిక మీద పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్ టెస్టుకు ఇద్దరు భారతీయ అంపైర్లు వెళ్లారు. ఒకరు పీలూ రిపోర్టర్, రెండో ఆయన మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. తటస్థ అంపైర్ల పద్ధతికి దారి వేసిన మ్యాచ్‌లలో అదొకటి. రెండు బళ్ల ఫైనల్‌కు మూడో బడి మాస్టారిని పిలవడానికి ఇమ్రాన్ ఖాన్ అవసరం లేదు. ఒక బస్సు చార్జీ చాలు.

తప్పు జరగకుండా చూసుకోవడమెలాగో రిఫరీలకు తెలియనిది కాదు. ఆటకు ముందు బల్ల దగ్గర కూర్చునే పిల్లలతో అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఎర్ర గుర్తు ఎవరి పని, అనుమానం వస్తే ఎలా ఆపాలి అన్నది చెప్పాలి. ముఖ్యంగా, ఆపితే తిట్టనని చెప్పాలి. ఆ సాయంత్రం ఆ కుర్రాడు రెండు సెకన్లు ఆలస్యంగా లేవడానికి కారణం అతనే తర్వాత చెప్పాడు. అంతకుముందు మ్యాచ్‌లో లేస్తే ఎవరో రిఫరీ కసిరాడట. చూడనిది ఊహించి విజిల్ వేయకూడదు. తడబడిన ప్రతి డ్రిబ్లర్ వెనకా ఫౌల్ ఉండదు. ఇవన్నీ నేర్పుతారు. నేర్పనిది తప్పు జరిగిపోయాక నోరు ఎలా తెరవాలన్నది.

ఆ విషయంలో నా రెండో పాఠం అంత అందంగా లేదు. 2014లో బాలుర లీగ్ మ్యాచ్‌లో బయటికి పోయిన బంతిని తప్పు జట్టుకు ఇచ్చాను. వాళ్లు దాన్ని బుట్టలో వేశాక గానీ తెలియలేదు. అప్పటికి గడువు దాటింది, పైగా ఇది దిద్దదగిన నాలుగు రకాల్లో లేదు. ఈసారి లెక్క సరిచేయకూడదని గట్టిగా అనుకున్నాను. ఆట ఆగగానే నష్టపోయిన జట్టు మాస్టారి దగ్గరికి వెళ్లి, 'ఇందాకటి బంతి మీదే సార్, నేను సరిగా చూడలేదు' అన్నాను. ఆయన మైదానమంతా వినిపించేలా 'రిఫరీయే తప్పు ఒప్పుకున్నాడు' అని కేకేశారు. ఇక ఆ తర్వాత నేను వేసిన ప్రతి విజిల్‌కూ రెండు జట్లూ చేతులు చాచి నిలదీశాయి. ఆయనకు టెక్నికల్ ఫౌల్ ఇవ్వక తప్పలేదు. నిర్వాహకులు తర్వాతి రెండు వారాలు నన్ను పిలవలేదు. తప్పు ఒప్పుకుంటే గౌరవం పెరుగుతుందని చెప్పేవాళ్లు పెద్దరికానికి విలువిచ్చే మన బడి మైదానాల్లో ఒకసారి ఒప్పుకుని చూడాలి.

అయినా ఆ రోజు ఎవరి ఆటా అన్యాయంగా ఆగలేదు. నా పరువు పోయింది, అది నాదే. తర్వాత పద్ధతి కొంచెం మార్చుకున్నాను. ఆట ఆగినప్పుడు మాత్రమే, కోచ్‌కు మాత్రమే, ఒకే వాక్యంలో చెప్పి వెనక్కి తిరగడం. వివరించబోతే వాదన మొదలవుతుంది. రెండోసారి చెబితే బతిమాలినట్టుంటుంది. ఆటగాడు మర్యాదగా అడిగితే జవాబు చెప్పడం. చూడకపోతే చూడలేదనడం.

ఇక చెప్పాల్సింది స్కోర్‌షీట్ సంగతి. దాని అడుగున ఒక చిన్న గడి ఉంటుంది, ఫిర్యాదు చేయదలిస్తే కెప్టెన్ సంతకం పెట్టడానికి. ఇప్పటి ఫీబా నియమాల్లో ఏ కారణాల మీద ఫిర్యాదు చేయవచ్చన్నది బాగా కుదించారు. బల్ల దగ్గరి దిద్దని పొరపాట్లు, మ్యాచ్ రద్దు వంటి నిర్ణయాలు, అర్హత లేనివాళ్లను ఆడించడం లాంటివే మిగిలాయి. సంతకానికి ఆట ముగిశాక 15 నిమిషాల గడువు. 2013లో నియమం ఇంకా విశాలం. రిఫరీ నిర్ణయం వల్ల తమ జట్టు నష్టపోయిందనుకున్న కెప్టెన్ ఎవరైనా ఆట ముగిసిన వెంటనే చెప్పి సంతకం పెట్టవచ్చు. మా టోర్నమెంట్‌లోనూ అదే షీట్ వాడాం. ఫిర్యాదు చేసినా నెగ్గేవాళ్లని చెప్పలేను. చేతి స్పర్శ ఉందా లేదా అన్నది ఏ సంఘమూ తేల్చదు. కానీ అలాంటి గడి ఒకటుందని పసుపు జట్టు పిల్లలకు తెలియదు. వాళ్ల మాస్టారు చెప్పలేదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. ఖాళీ గడి కింద నా సంతకం పెట్టి, నూటయాభై రూపాయలు తీసుకుని, సముద్రం పక్కనుంచి గదికి నడిచి వెళ్లాను.

ఆ తర్వాత ఆ పేటలో ఇంకో ఏడాదిన్నర ఉన్నాను. ఆ అమ్మాయి రెండు మూడుసార్లు ఎదురైంది, ఒకసారి మాసి మగం రద్దీలో వాళ్లమ్మతో పాటు. ప్రతిసారీ నమస్తే సార్ అంది. ఆమె అడిగినదానికి జవాబు నాకు విజిల్ మోగిన క్షణంలోనే తెలుసు. ముట్టుకోలేదు.